నల్లచాప దొరసాని తొమ్మిదో భాగం

బందరులో మా మందుల షాపు వెనక గదిలో ఒక ఇనుప బీరువా ఉంది. అందులో మందులు లేవు. పాత బొమ్మల కథల పుస్తకాలున్నాయి. వాటన్నిటిలోనూ ఆడవాళ్ళే ముఖ్యం, అదీ భయం పుట్టించే ఆడవాళ్ళు. ఉంగరంలో విషం దాచుకునే నర్తకి, చిరుతపులిని పెంచుకుని కొండదారిలో బళ్ళు దోచే దొంగ, తన మొగుణ్ణి చంపించిన ముగ్గురు మంత్రుల్నీ ఒకరి తరవాత ఒకరిని విందుకి పిలిచే రాణి.

చిన్నప్పుడు అద్దె పుస్తకాల కొట్లో రోజుకొకటి తెచ్చుకుని చదివేదాన్ని. మా ఇంట్లో ఆడపిల్ల తలుపు కాస్త గట్టిగా వేసినా తప్పే. ఆ పుస్తకాల్లో వాళ్ళు మాత్రం కోపమొస్తే కోటలే తగలబెట్టేవాళ్ళు. వాళ్ళంటే నాకు ఇష్టమని అందరితో చెబుతాను కానీ, నిజానికి అది అసూయ. నాకు రానిది వాళ్ళకి వచ్చునన్న ఏడుపు.

నలభై దాటాక, షాపు నా చేతికొచ్చాక, ఆ పుస్తకాల్ని మళ్ళీ వెతకడం మొదలుపెట్టాను. గుడివాడలో పాతపేపర్ల కొట్లు, బందరులో బైండింగ్ సాయిబు గారి దుకాణం, మూతపడిన అద్దె లైబ్రరీల వాళ్ళ ఇళ్ళు, ఎక్కడ వాసన తగిలితే అక్కడికి వెళ్ళేదాన్ని. అన్నిటికంటే నేను వెతికింది ‘నల్లచాప దొరసాని’ అనే పన్నెండు భాగాల కథ. నల్ల తెరచాప ఎత్తి, బందరు తీరాన డచ్చి ఓడల్ని ముంచే ఓడదొంగ ఆమె. పదకొండు భాగాలు దొరికాయి. తొమ్మిదోది దొరకలేదు. చిన్నప్పుడూ అంతే, ఎప్పుడడిగినా ఎవరో ఒకరు తీసుకెళ్ళి ఉండేవారు. ఎనిమిదో భాగం చివర దొరసాని గొలుసులతో కోటలో ఖైదు. పదోది తెరిస్తే ఓడ మీద నిలబడి ఉంటుంది, ఎడమచేతికి కట్టు. ఎలా తప్పించుకుందో, ఆ కట్టేమిటో నలభై ఏళ్ళుగా నాకు తెలియదు.

గుడివాడ నుంచి పామర్రు వెళ్ళే బస్సులో ఆ అమ్మాయి పరిచయమైంది. కండక్టరు. ముప్పై ఏళ్ళుంటాయేమో. నా ఒళ్ళో పుస్తకం చూసి, టికెట్లు కొట్టడం అయ్యాక వచ్చి పక్కన కూర్చుంది.

“ఏం పుస్తకమండీ అది? అట్ట మీదావిడ చేతిలో అది కత్తా, దువ్వెనా?”

“దువ్వెనే. దాన్లో కత్తి ఉంటుంది.”

“అబ్బ! ఒకసారి ఇస్తారా? పామర్రు వచ్చేలోపు ఇచ్చేస్తాను.”

ఆ రోజు ఆ పుస్తకం ఆమెకే ఇచ్చేశాను. నా దగ్గర రెండు ప్రతులున్నాయి కాబట్టి అదేమీ గొప్ప దానం కాదు. వారం తిరక్కుండా షాపుకొచ్చి, “అక్కా, ఇలాంటివి ఇంకా ఉన్నాయా?” అంది. ఏ కాగితం ఏ కాలం నాటిదో, అట్ట అసలుదో తరవాత వేసిందో ఎలా తెలుస్తుందో దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాను. నాకొక శిష్యురాలు దొరికిందని మురిసిపోయాను.

రెండేళ్ళలో ఆమె నన్ను దాటేసింది. ఆమె బస్సులో రోజూ వందలమంది ఎక్కుతారు. అందరితోనూ మాట్లాడుతుంది. “మా అటక మీద ఏవో ఉన్నాయమ్మా, నువ్వు చదువుతావా?” అని వాళ్ళే తెచ్చిస్తారు. నేను ఊరూరా తిరిగి బతిమాలి తెచ్చుకున్నవి ఆమె ఒళ్ళోకి నడిచి వచ్చేవి. దొరికిన ప్రతిదాని ఫోటో ముందు నాకే పంపేది. “అక్కా, చూశారా!” నేను ఒక దణ్ణం బొమ్మ పెట్టి ఫోను బోర్లించేదాన్ని. ఆ పూట అన్నం సయించేది కాదు.

ఒక రోజు బైండింగ్ సాయిబు గారు నన్ను పిలిచి, “దివిసీమ నుంచి ఒక పెద్దావిడ వచ్చిందమ్మా, పాలకాయతిప్ప వైపు. ఎండుచేపల వ్యాపారం. పాత బొమ్మల పుస్తకాలు ఊడిపోతున్నాయి, కుట్టిస్తారా అని అడిగి వెళ్ళింది. ఓడ మీద ఆడమనిషి బొమ్మ అంది. మీరు వెతికేదేనేమో,” అన్నారు.

ఆ ఆదివారమే వెళ్ళాను. కోడూరు దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. పెద్దావిడ వాకిట్లో చేపలు తిరగేస్తోంది. చేతులు కడుక్కుని వచ్చి రేకుపెట్టె తెరిచింది. పైనే ఉంది, తొమ్మిదో భాగం.

“మా తమ్ముడు బందర్లో చదూకునేటప్పుడు తెచ్చాడమ్మా. వాడు చదివి చెప్పేవోడు. ఇది చెప్పకుండానే పోయాడు, ఆ తరవాత చెప్పేవోళ్ళు లేరు. నాకు బొమ్మలే తెలుసు. ఇందులో ఏం రాశారమ్మా?”

“నాకూ తెలీదండీ. ఇస్తే ఇంటికెళ్ళి చదువుకుంటాను. మీరెంతంటే అంత ఇస్తాను.”

“అమ్మేది కాదమ్మా ఇది.”

ఇంకా పెంచి అడిగాను. ఆవిడ పుస్తకం పెట్టెలో పెట్టి మూత వేసింది. అక్కడే కూర్చుని చదివి వినిపిస్తానని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. నాకు తట్టలేదు. నాకు పుస్తకం కావాలి, నా బీరువాలో.

మూడు వారాల తరవాత కండక్టరమ్మాయి షాపులోకి పరుగున వచ్చింది. ప్లాస్టిక్ కవర్లోంచి తీసి కౌంటరు మీద పెట్టింది.

“అక్కా, మీ తొమ్మిదోది!”

“ఎక్కడిది?”

“ఎండుచేపలమ్మే పెద్దమ్మ ఒకామె, మా బస్సులోనే వస్తది. గంపలు వాసనొస్తున్నాయని జనం గొడవ చేస్తే నేను వెనక సీట్లో చోటిప్పించేదాన్ని. మాటల్లో దొరసాని గురించి చెప్పాను. చదివి నాకు కథ చెప్పు, పుస్తకం నువ్వే ఉంచుకో అంది. ముందు మీరు చదవండక్కా. ఇన్నేళ్ళు ఎదురు చూశారు కదా.”

తను ఇంకా చదవకుండానే నాకు తెచ్చింది. ఆ సంగతి నన్ను మెత్తబరచాలి. నా కడుపు ఇంకా మండింది. నేను ఎండలో ఆటో ఎక్కి వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొస్తే, ఈమెకి వెనక సీటు చూపించినందుకే దొరికింది.

చదివాను. జైలరు భార్య, చిన్నపిల్ల, జాలిపడి తలుపు తీస్తుంది. దొరసాని బయటికొచ్చి, ఆ పిల్లనే లోపలికి నెట్టి గొళ్ళెం పెడుతుంది. పెనుగులాటలో ఆ పిల్ల దొరసాని ఎడమచెయ్యి కొరుకుతుంది. అదీ ఆ చేతికట్టు సంగతి. చదవడం అయ్యాక పుస్తకాన్ని ఎనిమిదికీ పదికీ మధ్య పెట్టాను. పన్నెండూ వరసగా నిలబడ్డాయి. ఇంక తియ్యబుద్ధి కాలేదు.

వారం తరవాత ఆమె పుస్తకం కోసం ఫోను చేస్తే అబద్ధమాడాను. “షాపులోకి వాననీళ్ళు వచ్చాయమ్మా. కింద అరలో పెట్టాను. ముద్దయిపోయింది.”

 “పోతే పోయిందిలే అక్కా. మీరు బాధపడకండి. మందులేమన్నా పాడయ్యాయా?” అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

పది రోజులకి మళ్ళీ ఫోను. “పెద్దమ్మ కథ అడుగుతుందక్కా. తడిసిపోయిందని చెప్పలేకపోతున్నాను. మీరు చదివారుగా, వచ్చి చెప్తారా? నాకు గురువారం సెలవు.”

రానని చెప్పడానికి కారణం దొరకలేదు. వెళ్ళేముందు ఎందుకో పుస్తకం సంచిలో వేసుకున్నాను. ఇచ్చేద్దామని కాదు. దాన్ని వదిలి వెళ్ళలేకపోయాను, అంతే.

వాకిట్లో చాప మీద ముగ్గురం కూర్చున్నాం. నేను చెప్పాను. తలుపు గొళ్ళెం దగ్గరికి రాగానే పెద్దావిడ ముందుకి వంగింది.

“అయ్యో, తలుపు తీసిన పిల్లనే లోపలేసిందా! ఆఖరి బొమ్మలో కిటికీ కాడ ఉండేది ఆ పిల్లేనా? ఏడుస్తుందా, కోపంగా చూస్తుందా? నాకు గుర్తు రాటల్లేదమ్మా.”

నాకూ గుర్తు రాలేదు. నేను ఆ బొమ్మ కేసి సరిగ్గా చూడనేలేదు. కండక్టరమ్మాయి కూడా నా కేసే చూస్తోంది, జవాబు కోసం. చెయ్యి సంచిలోకి వెళ్ళింది. పుస్తకం తీసి చాప మీద పెట్టాను.

ఎక్కడా తడి మరక లేదు. ఆ అమ్మాయి అట్ట చూసింది, నన్ను చూసింది.  పుస్తకం తీసుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. దొరసానికి ఒక గొంతు, జైలరుకి ఒకటి, ఆ పిల్లకి ఒకటి. పెద్దావిడ నవ్వింది, తిట్టింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను చెప్పినప్పుడు అవేమీ చెయ్యలేదు. అంత సిగ్గులోనూ నాకు తోచింది ఇదే, ఈమె నాకంటే బాగా చదువుతోందని.

అయిపోయాక పుస్తకం పెద్దావిడ చేతిలో పెట్టింది. “మీ దగ్గరే ఉండనీ పెద్దమ్మా. నేను వచ్చినప్పుడల్లా చదువుతాను.”

తిరుగు ప్రయాణంలో బస్సులో చెరో సీట్లో కూర్చున్నాం. అవనిగడ్డ దాటాక నేనే లేచి వెళ్ళి, “తప్పు చేశాను,” అన్నాను. “అవును,” అంది.  ఆ తరవాత నెలల తరబడి షాపుకి రాలేదు, ఫోటోలు పంపలేదు. ఆ ఫోటోలు చూసినప్పుడు ఎంత మండేదో, రాకపోతే అంతకంటే ఎక్కువ మండింది. ఇప్పుడవి ఇంకెవరికి పంపుతోందోనని.

మొన్న మోపిదేవి వెళ్దామని పామర్రులో బస్సెక్కితే ఆమే కండక్టరు. టికెట్ ఇచ్చి, బాగున్నారా అని అడిగి వెళ్ళిపోయింది. చల్లపల్లి దాటాక బస్సు కాస్త ఖాళీ అయ్యింది. ఏమనుకుందో వచ్చి నా పక్కన కూర్చుని ఫోను తీసింది. తెరమీద ఒక అట్ట బొమ్మ. పచ్చచీరలో ఒక వైద్యురాలు, చేతిలో మందు నూరే కల్వం, వెనక వరసగా పడిపోయిన సైనికులు. అలాంటిది నేను ఎన్నడూ చూడలేదు, వినలేదు.

“ఎక్కడ దొరికింది?” అన్నాను. 

“చెప్పను,” అంది. నవ్వింది కూడా. ఫోను జేబులో పెట్టుకుని ముందు డోరు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఫోటోలో పుస్తకం వెనక ఒక గోడ కనిపించింది, నీలం రంగు వేసినది, పక్కన ఏదో షాపు బోర్డు అంచు. ఆ అక్షరాలేమిటో, అది ఏ ఊరో గుర్తు చేసుకునే ప్రయత్నంలో మోపిదేవి దాటిపోయింది. అవనిగడ్డలో దిగాను.