మడ అడవిలో రెండు పిలుపులు

దెయ్యాలూ గాలులూ నేను నమ్మను. నాకు చదువు రాదు, నేను చెబుతుంటే హాస్టల్లో అమ్మాయి రాస్తోంది. మా ఆయన పోయి నాలుగేళ్లు. ఆ ఇంట్లో ఒక్కదాన్నే పడుకుంటున్నాను. ఒక్క గిన్నె కూడా కదల్లేదు. కదిలినా బాగుండుననుకున్న రోజులున్నాయి.

బాపట్లలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తాను. మొన్న చలికాలంలో పిల్లలు పిట్టల్ని చూడటానికి రేపల్లె అవతల మడ అడవికి వెళ్తూ, వడ్డించడానికి నన్నూ తీసుకెళ్లారు. ఉప్పునీటి బురదలో పెరిగే చెట్లు. నడవడానికి చెక్కబాట వేశారు.

భోజనాలయ్యాక పిల్లలు ముందుకు వెళ్లిపోయారు. అడవి కాపలా ఆయన ఒకే మాట చెప్పాడు. "బాట దిగమాకండమ్మా. పోటెక్కితే కాలవేదో బురదేదో తెలీదు."

బురద మీద ఎర్ర పీతలు. ఒక్కోదానికి ఒక చెయ్యే పెద్దది, దాన్ని ఊపుతున్నాయి. ఆయనుంటే "నీ గరిటంత ఉందే" అని ఏడిపించేవాడు. చూపిద్దామని పక్కకు తిరిగాను. ఎవరున్నారు?

ఇంతలో తడిసిన ముంగిసలాంటిది ఒకటి తన కూనలతో కాలవలోకి జారింది. నీటికుక్క. దాన్ని చూద్దామని బాట దిగాను. నాలుగడుగులే అనుకున్నాను. వెనక్కి తిరిగితే బాట లేదు. ఎటు చూసినా అవే చెట్లు, మేకుల్లా పొడుచుకొచ్చిన వేర్లు. నీళ్లు చప్పుడు లేకుండా పాదాల మీదికి వచ్చేశాయి. ఎదురుగా నున్నగా, గట్టిగా కనిపించిన చోట కాలు వేయబోయాను.

"చుండూరూ."

వెనకనుంచి. మా పుట్టిల్లు చుండూరు. పెళ్లయిన కొత్తలో వెక్కిరింపుగా మొదలుపెట్టి, పోయేదాకా ఆయన నన్ను అలాగే పిలిచాడు. ఇంకెవరూ పిలవలేదు.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది. ఊ అనబోయాను. కానీ మనిషి కనపడకుండా పిలుపు వినిపిస్తే మూడోసారి దాకా పలకకూడదని మా అమ్మ నేర్పింది. నమ్మనని చెప్పాను గానీ, నోరు మూసుకున్నాను.

రెండోసారి ఇంకా దగ్గరగా వినిపించింది. కూడు ఆలస్యమైతే వచ్చే విసుగు ఆ గొంతులో ఉంది. కాలు వెనక్కి దించి, మూడోదాని కోసం అక్కడే నిలబడ్డాను. నీళ్లు చీలమండలు దాటాయి. మూడోది రాలేదు.

కాపలా ఆయన వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. నేను కాలు వేయబోయిన చోట కర్ర గుచ్చాడు. నా ఎత్తు కర్ర, పిడి దాకా దిగిపోయింది. పిలిచింది మీరేనా అని అడిగాను.

"లేదండి. ఈలేశానంతే. వినపడలేదా?"

నాకు ఈల వినపడలేదు. పిల్లల్ని అడిగితే "చుండూరంటే ఏంటి పిన్నీ, మీ ఊరా?" అన్నారు. పిట్ట కూత అయ్యుంటుందని ఫోనులో అక్కడి పిట్టలన్నిటి కూతలూ వినిపించారు. ఓపిగ్గా అన్నీ విన్నాను. ఏదీ కాదు.

అది ఎవరో, ఏమిటో ఇప్పటికీ చెప్పలేను. పలికితే ఏమయ్యేదో కూడా తెలియదు. నాలుగేళ్లకు ఆ పేరుతో ఒక పిలుపు వస్తే, వినపడనట్టు నిలబడ్డాను. ఆయన అలిగి వెళ్లిపోయాడేమో.