బాక్సులు నేలకు దిగిన రోజు

జగ్గయ్యపేట ఆర్కెస్ట్రాలో ఇలియాస్ పద్దెనిమిదేళ్లుగా బేస్ గిటార్ వాయిస్తున్నాడు. వాయిస్తున్నాడని అతనే చెప్పుకోవాలి, వినేవాళ్లకు తెలిసే దారి లేదు. చిల్లకల్లు, నందిగామ ఫంక్షన్ హాళ్లలో గచ్చుకీ అద్దాలకీ లోటు లేదు. అతను మీటిన ప్రతి స్వరమూ వాటికి కొట్టుకుని, పక్క స్వరంతో కలిసిపోయి, జనం చెవికి చేరేసరికి ఒకటే హోరు. పెళ్లివారు ఆ హోరునే సంగీతమనుకుని, దీవించి, భోజనాలకు లేచేవారు.

ఈ పుణ్యమంతా సౌండ్ సిస్టమ్ యజమాని భవానీప్రసాద్‌ది. పెద్ద బాక్సుల్ని స్టేజీ బల్లల మీద, అదీ గోడ మూలకు ఆనించి పెడతాడు. బల్లల కింద అంతా బోలు కనుక స్టేజీ కూడా డోలులా తన వంతు మోగుతుంది. ఆ పైన డెకరేషన్ వాళ్లొచ్చి, ఫొటోల్లో నల్లగా పడుతున్నాయని బాక్సులకు పట్టు పరదా కప్పుతారు.

"కింద పెట్టించండి ప్రసాద్ గారూ, గోడకి దూరంగా. ఆ బేస్ కాస్త తగ్గించండి," అని ఇలియాస్ ప్రతి పెళ్లిలోనూ అడిగేవాడు.

"గుండెలు అదరాలండీ. అదరకపోతే సౌండే పెట్టలేదంటారు," అని ప్రసాద్ ప్రతి పెళ్లిలోనూ చెప్పేవాడు. అంత నిలకడ గల మనిషి.

ఇంతలో ఇలియాస్ భార్య జాకియాకు పిన్ని కూతురైన ఆసిఫా రిసెప్షన్ నందిగామలో పెట్టి, పాటలకు ఈ ఆర్కెస్ట్రానే పిలిచారు. జాకియా అంతవరకూ ఒక్క కచేరీకీ రాలేదు. "మీరు స్టేజీ మీద ఊరికే నిలబడతారంట, మావాళ్లంతా అంటన్నారు," అని నవ్వేది. ఆ నవ్వు ఇలియాస్‌కు చాలా కష్టంగా ఉండేది. ఒక్క పాటైనా ఆమెకు స్పష్టంగా వినిపించాలని పట్టుదల పుట్టింది.

ఆ సాయంత్రం ప్రసాద్ బిర్యానీ మీదికి వెళ్లిన అదను చూసి, ఇలియాస్ బాక్సుల్ని నేలకు దింపించి, మూల నుంచి నాలుగడుగులు జరిపి, పరదా పీకేశాడు. మిక్సర్ మీద బేస్ సగానికి తగ్గించాడు. పాట మొదలైంది. ప్రతి స్వరమూ విడివిడిగా పలికింది. ఇలియాస్‌కు ఏడుపొచ్చినంత పనైంది. పెళ్లికొడుకు బాబాయి మాత్రం లేచి, బాక్సులు కాలిపోయాయా అని అడిగాడు.

భోజనాల దగ్గర ఇలియాస్ ఆగలేక అడిగాడు. "వినపడిందా?"

"వినపడకేం? మూడో పాటలో చరణం చివర తప్పారుగా," అంది జాకియా.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నీకెట్టా తెలుసు?"

"ఇంట్లోనూ అక్కడే తప్పుతారు. పద్దెనిమిదేళ్లుగా వింటన్నా. ఇక్కడైనా సరిగ్గా వాయిస్తారేమోనని చూశా."

రెండు గదుల ఇంట్లో, బాక్సుకు తగిలించని గిటార్ చప్పుడు తనకొక్కడికే వినపడుతోందని ఇలియాస్ ఇన్నాళ్లూ అనుకున్నాడు. పక్కనే కూర తరుగుతూ ఒక మనిషి అంతా విన్నదని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాడు. సంతోషమూ వేసింది, కానీ అది పైకి చెప్పలేదు.

తర్వాత వారమంతా ఇంట్లో ఆ ఒక్క చరణమే వాయించాడు. ఆదివారం జగ్గయ్యపేటలో పెళ్లికి వెళ్లి, బాక్సులు పట్టుకుని నిలబడిన ప్రసాద్‌తో నెమ్మదిగా అన్నాడు.

"మూలకే పెట్టండి. ఆ చరణం నాకింకా కుదర్లేదు."