తొట్టి మీద కప్పు

ఆత్మకూరు బజారులో మా కొత్త మిద్దె లోపల ఎలా ఉండాలో తేల్చే పని నాయన నాకు అప్పగించాడు. యాభైల మొదట్లో సంగతి. మాది శనక్కాయల టోకు వ్యాపారం. మద్రాసులో చదువు ముగించుకుని వచ్చి నేను కొట్లో కూర్చుని ఏడాదయింది. పాత ఇల్లు పడగొట్టి అదే చోట కడుతున్నాం. గోడలు లేచాయి, కప్పు ఇంకా పడలేదు.

"ఇట్టాంటి ఇల్లు ఈ చుట్టుపక్కల లేదనాల. ఎట్టా చేస్తావో నీ ఇష్టం రా," అన్నాడు నాయన.

పద్ధతి లేకుండా పని చేయడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. ఆ ఏటి డైరీలో నాలుగు పేజీలకు గళ్ళు గీసి, ఇంట్లో ఒక్కొక్కరికి ఏం కావాలో అడిగి రాశాను. అమ్మకు వంటింట్లో నిలబడి పని చేసుకునే గట్టు. నాయనకు బేరగాళ్ళతో మాట్లాడుకునే గది. నా భార్యకు నిలువుటద్దం. ఆవుకు ఎండ తగలని కొట్టం కూడా రాశాను. చివర "అందరినీ అడగడమైనది" అని రాసి సంతకం పెట్టాను.

అడగనిది ఒక్క మేనత్తను. ఆమె నాయనకు అక్క. పెళ్ళయిన మూడో ఏటనే భర్త పోయాడు. సీతారామపురంలోని అత్తింటివాళ్ళు సాకలేమని పంపేస్తే మా ఇంటికి వచ్చి చేరింది. శుభకార్యానికి ముందు అటువంటి ఆడమనిషి మాట అడగకూడదని మా ఇళ్ళలో ఆచారం. అయితే ఆచారం మీదికి నెట్టి తప్పించుకోలేను. అడగవద్దని నాకెవరూ చెప్పలేదు. అడగాలని నాకే తోచలేదు.

పాత ఇంటికి తొట్టి ఉండేది. అంటే ఇంటి నట్టనడుమ, ఆకాశానికి తెరిచి ఉండే చిన్న ఖాళీ చోటు. అత్త వీధి గుమ్మంలోకి వచ్చేది కాదు, వెనక సందులోకి పోయేది కాదు. ఎవరికైనా ఎదురుపడితే అపశకునమంటారు. ఆమెకు ఎండా వానా ఆ తొట్టిలోనే. పొద్దున్నే అక్కడ కూచుని వడియాలు పెట్టేది, పప్పు చెరిగేది, మబ్బు చూసి ఈ పూట వాన వస్తాదో రాదో చెప్పేది. ఇరవై ఏళ్ళు ఆ నాలుగు గజాల చోటే ఆమెకు బయట.

నేను ఎంచుకున్నది మద్రాసు హాలు. అక్కడ సహాధ్యాయి ఇంట్లో చూసి ముచ్చటపడ్డాను. తొట్టి వచ్చే చోట కూడా కప్పు వేసి, స్తంభాలు లేకుండా చేసి, లేత ఆకుపచ్చ గోడలు, ఎర్రటి నున్నటి నేల, నడుమ సోఫాలు. కాగితం మీద గీసి మేస్త్రీకి చూపించాను. ఆయన ఉదయగిరి నుంచి వచ్చిన పెద్దాయన. తొట్టి ఉండాల్సిన చోట వేలు పెట్టాడు.

"తొట్టి మూసేస్తే పెద్దమ్మ యాడ కూచుంటాది చిన్నయ్యా?"

"ఇంత ఇల్లుండాది. కూచునేదానికి చోటే లేదా?"

"చోటు గాదయ్యా, ఎండ. నడుమ నాలుగు మూరలు తెరిచి పెడతా. మీ సోఫాల మీద చినుకు పడకుండా నేను చూసుకుంటా."

పక్కనే నిలబడి వింటున్న నాయన నా వైపు తిరిగాడు. "ఏం రా? నువ్వు సరేనంటే తెరిచి పెట్టిస్తాం."

ఒక్క మాట అంటే సరిపోయేది. "హాలు నడుమ వాన కురిస్తే చూసినోళ్ళు నవ్వుతారు నాయనా," అన్నాను.

"నవ్వేవాళ్ళు గంట కూచుని పోతారు. ఉండేది ఆ తల్లి," అని మేస్త్రీ బీడీ పారేసి నిచ్చెనెక్కాడు. నేను గీసినట్టే కప్పు వేశాడు.

గృహప్రవేశం నాడు అత్తను సామాన్ల గదిలో కూచోబెట్టారు. కరెంటు రాకముందే ఫ్యాన్లకని నేను పెట్టించిన కొక్కేలు చూసి మా మామ, "ఏంది అల్లుడూ, మమ్మల్ని వేలాడదీస్తావా?" అన్నాడు. హాలంతా నవ్వింది. నాకు గర్వంగా ఉండింది. అందరూ వెళ్ళాక అత్త వచ్చి తలెత్తి కప్పు చూసింది.

"బాగుండాది రా. పొద్దెక్కిందో లేదో తెలిసేదెట్టా?"

"కరెంటు వస్తాదిలే అత్తా."

"కరెంటుకు వడియాలు ఎండుతాయా?"

ఆ తర్వాత ఆమె వెనక సందు గుమ్మంలో కూచోవడం మొదలుపెట్టింది. ఎండ తగిలేది అక్కడే. ఒకరోజు మర్రిపాడు పోయేదానికి ఆ సందులోంచి వస్తున్న మా లారీ డ్రైవరు ఆమెను చూసి బండి తీయనని మొండికేశాడు. నాయన అందరి ముందూ కేకలేశాడు. "పని మీద పోయేవాళ్ళకు ఎదురు కూచుంటావా అక్కా? ఇంట్లో చోటు లేదా నీకు?"

అవి నేను మేస్త్రీతో అన్న మాటలే. వారం తిరక్కుండా అత్త మూట కట్టుకుని, ఒకప్పుడు తనను పంపేసిన అత్తింటికే వెళ్ళిపోయింది.

నెల తర్వాత ఉదయగిరి దాకా బస్సులో, అక్కడి నుంచి ఎద్దుల బండిలో సీతారామపురం వెళ్ళాను. మట్టింటి ముంగిట్లో, ఎండలో కూచుని, వాళ్ళ చింతపండు గింజ తీస్తోంది. వేళ్ళు పగిలి ఉన్నాయి. ఆ ఇంటివాళ్ళు ఆమెను పనిమనిషిని పిలిచినట్టు పిలుస్తున్నారు.

"పోదాం రా అత్తా," అన్నాను.

"కప్పు తీసినావా?"

"లేదు."

"మరి యాడికి రమ్మంటావు?" అంది. కోపం లేదు. దారి అడిగినట్టు అడిగింది.

తిరిగి వచ్చేసరికి నాయన హాల్లో బేరగాళ్ళతో ఉన్నాడు. రానంటోందని చెప్పాను.

"మనం పొమ్మన్నామా?" అన్నాడు, వాళ్ళకు కూడా వినబడేలా.

"లేదు నాయనా," అన్నాను.