పని చెవి

నూకరాజుకు రెండు చెవులు. ఎడమది ఇంటిది, కుడిది రైల్వేది. బెంగాల్లోని నిమ్‌పురా యార్డులో ఆగిన బండి పక్కన నడుస్తూ, పొడుగు కర్ర సుత్తితో ఒక్కో చక్రాన్నీ తట్టి వినడం అతని పని. మంచి చక్రం గంటలా మోగుతుంది. బీట పడినది పగిలిన కుండలా పలుకుతుంది.

పని నేర్పినవాడు మామగారు అప్పలకొండే. "పని సెవిని ఊరికే ఇననీకు అల్లుడూ. పడుకున్నప్పుడు తలగడకి అదిమీసి మూసెయ్" అనేవాడు. కళ్లకు రెప్పలిచ్చిన దేవుడు చెవులకు తలుపులివ్వడం మరిచాడు కదా, ఆ లోటు వాళ్లిలా పూడ్చుకున్నారు. దూది గట్టిపడి రాయైన తలగడ మీద నూకరాజు ఇరవై ఏళ్లు కుడిపక్కకే ఒత్తిగిలాడు.

ఎనభై ఆరు వేసవిలో చెవి పైఅంచున కందిగింజంత బొడిపె లేచింది. కలలో చక్రాలు గంటలై మంచులో తేలిపోయేవి. వాటివైపు తల కదిపితే చాలు, చెవిలో సూది దిగి కల చెదిరేది. కేన్సరేమో! చెవి కోసేస్తారు, సుత్తి లాక్కుని గేటు దగ్గర స్టూలేసి కూర్చోబెడతారు. ఆ భయంతో తలగుడ్డ చుట్టాడు.

"ఈ ఎండలో తలగుడ్డేటి మావా, పెళ్లికొడుకువా?" అని భార్య రత్నం లాగేసింది. బొడిపె చూసి నవ్వు మానేసింది. ఆసుపత్రికి నడిపించింది.

బెంగాలీ డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. వారానికి, కేన్సర్ కాదని చెప్పి, ఏ పక్కన పడుకుంటావని అడిగింది.

"ఇటే దీదీ, సెవికి మంచిదని" అన్నాడు గొప్పగా.

ఆవిడ నవ్వింది. ఆ ఒత్తిడికే చెవి అంచుకు నెత్తురాడక వాచిందట. వినికిడికి ఢోకా లేదు, చెవిమీద బరువు పడకపోతే చాలట.

"మూయకపోతే పని సెవి పాడైపోద్ది కదే!" దారంతా గొణిగాడు.

"మా అయ్య మాట ఇన్నావు, ఇప్పుడు నా మాటిను" అంది రత్నం. పాత చీర మెలిపెట్టి, నీళ్లకుండ కింద వేసే చుట్టకుదురు లాంటిది చుట్టి తలగడమీద పెట్టింది. "మద్దిలో పెట్టు సెవి. కుండకి లేని నామోషీ నీకేటి?"

చెవి ఆ గుంటలో గాలిలో తేలింది. నొప్పి లేదు. కుళాయి చుక్క, రత్నం గాజులు, ఎక్కడో షంటింగ్ ఇంజను కూత, ఇరవై ఏళ్లుగా ఆ చెవి బయటే నిలబడ్డ చప్పుళ్లన్నీ మెల్లగా లోపలికొచ్చి అతని కలలో కూర్చున్నాయి.

బొడిపె వానల నాటికి గానీ అణగలేదు. చెవి చెడలేదని మాత్రం మర్నాడే తెలిసింది. బెదురుతూనే సుత్తి ఎత్తాడు. ఆరు చక్రాలు గంటల్లా మోగాయి, ఏడోది పగిలిన కుండ. మళ్లీ తట్టాడు. అదే. నూకరాజు జేబులోంచి సుద్దముక్క తీసి, చక్రం మీద పెద్ద అడ్డగీత గీశాడు.