వంతెన ఎత్తు మీద పెడల్ లెక్క

ఈ ఉదయం గోదావరిఖని దగ్గర వంతెన ఎక్కే రోడ్డు మీద తండ్రీకూతుళ్ల వాదన ఒకటి విన్నాను. ఆదివారం జిల్లా సైకిల్ జట్టుకు ఎంపిక. ఇంటర్ చదివే శ్రావణి బరువైన గేరులో తొక్కుతూ సగం ఎత్తులోనే ఆగిపోయింది.

"గేరు తేలిక చెయ్యి బిడ్డా. గనిల డ్యూటీ అయినంక పైకి ఎక్కేటప్పుడు మేం చిన్న చిన్న అడుగులేస్తం. కొత్తోళ్లు పెద్ద అంగలేసి నడుమ కూలబడ్తరు," అన్నాడు ఆమె తండ్రి రాజయ్య.

"గట్ల చేస్తే కాళ్లే తిరుగుతయ్ బాపూ, సైకిల్ పోదు!"

లెక్కపెట్టి చూద్దామన్నాను. రాజయ్య ఆమె పక్కనే తన మోటారు బండి నడిపాడు. నేను వెనక కూర్చుని, గడియారం చూస్తూ ఆమె కుడికాలు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కించాను. బరువు గేరులో నిమిషానికి యాభై రెండు. మళ్లీ అక్కడే ఆగింది. కాసేపు కూర్చుని, కిందికి దిగి మళ్లీ మొదటి నుంచి తేలిక గేరులో బయలుదేరింది. ఈసారి ఎనభై ఒకటి. ఎక్కడా ఆగలేదు.

ఒక్క పరీక్షతో ఏదీ రుజువు కాదు. కానీ పైకి చేరగానే, "నాకంటే నీ బండే ఎక్కువ రొప్పుతున్నది బాపూ!" అని ఎకసెక్కమాడేంత ఊపిరి ఆమెకు మిగిలింది.

ఎత్తు ఎక్కేటప్పుడు మీ కాళ్లు నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా?