మహబూబ్ బీ ఖాలా మింగిన గోళీలు

శామీర్‌పేట ఫంక్షన్ హాళ్ల ముందు నుంచి ఆటోలో పోతున్నప్పుడు, నూనెలో ఎర్రగా వేగుతున్న ఉల్లిగడ్డ వాసన ముక్కుకు తగిలితే చాలు, మహబూబ్ బీ ఖాలా వచ్చి నా పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. మాది ఒకటే వాడకట్టు, అందరికీ ఆమె ఖాలానే, అంటే పిన్ని. శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా దావత్ ఎవరింట్లో అయినా వంటకు ఆమెనే పిలిచేవారు. నేను ఆమె దగ్గర ఉల్లిగడ్డలు కోసేదాన్ని. బడికి పోయింది మూడో తరగతి దాకానే. తక్కినదంతా ఆ పొయ్యిల దగ్గరే నేర్చుకున్నాను.

దేని లోపల ఏముందో తెలిసేదాకా ఖాలాకు నిద్ర పట్టదు. ఎవరింట తిన్నా ఒక ముక్క నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకునేది. "లచ్చమ్మా, గసాలు ఏసిండ్రు గని ఏంచలే" అనేది. ఒకసారి పేట్ బషీరాబాద్‌లో పెండ్లికి పోయి, తిన్న చేయి కడుక్కోకుండానే వంటాయన దగ్గరికి నడిచింది. "నీకెందుకమ్మా?" అని ఆయన కసిరాడు. మేము బయలుదేరే వేళకు ఆయనే మసాలా పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. నేను నోరు తెరిచి చూస్తుంటే, "అడిగితే పోయేదేముంది బిడ్డా? మహా అయితే తిడతరు. తిట్లు కడుపుల కూసుంటయా?" అని నవ్వింది.

ఇంత అడిగే మనిషి ఒక్కదాన్ని మాత్రం అడగకుండా మింగేది. గోళీలను. మా వంటవాళ్లలో ఒక అలవాటు ఉండేది. డేగు, అంటే దావత్ గుండిగ, నిండాక దించాలంటే నలుగురి నడుములు విరుగుతాయి. అందుకని దించక ముందే అందరూ ఒళ్లునొప్పుల సెట్టు వేసుకునేవారు. మందుల దుకాణంలో అడిగితే చాలు, నాలుగు పట్టీల్లోంచి ఒక్కో గోళీ కత్తిరించి కాగితంలో చుట్టి ఇచ్చేవారు. డాక్టరు చీటీ లేదు, గోళీకి పేరు లేదు. పొయ్యి ముట్టించే ముందు దండం పెట్టుకున్నట్టే, అదీ పనిలో ఒక భాగం అనుకునేవాళ్లం.

ఆ ఏడాది పెండ్లిళ్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఖాలా మోకాళ్లు వాచిపోయాయి. పొద్దున ఉత్త కడుపున మేడ్చల్ దుకాణం సెట్టు వేసుకునేది. నొప్పి ఆగకపోతే పగటిపూట, డేగులు దించే యాదగిరి సూరారం నుంచి తెచ్చుకున్న సెట్టు కూడా వేసుకునేది. "రెండు సెట్లా ఖాలా?" అని అడిగాను. "అది తెల్లది, ఇది గులాబీది. వేరే వేరే మందులు. రంగు కనవడ్తలేదా నీకు?" అంది. నాకూ నిజమే అనిపించింది.

ఒకరోజు బగారన్నం కలుపుతూ కలుపుతూ, గరిటె చేతిలో ఉండగానే పొయ్యి పక్కన కూలబడింది. ముఖంలో రక్తం లేదు. నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో మెల్లగా చెప్పింది: "ఎవ్వరికి చెప్పకు. నిన్నటి సంది దొడ్డికి నల్లగ, తారు లెక్క వస్తాంది. బొగ్గు పొడి లోపలికి పోయిందేమో."

దవాఖానలో చిన్న వయసు డాక్టరమ్మ. ఖాలా ఏమేం మింగుతుందని అడిగింది. నేను ఒక్కటీ వదలకుండా చెప్పాను: తెల్లది, గుండ్రంది, నడుమ గీత ఉన్నది, గులాబీది, గుండెకు డాక్టరు రాసిచ్చిన చిన్నది.

"నీ యాది మస్తుందమ్మా. కని రంగుతోని మందు తెల్వదు. పేరేంది?"

పట్టీల మీద పేర్లున్న ముక్కలు దుకాణాల్లోనే ఉండిపోయాయి. యాదగిరిని సూరారం పంపి, నేను మేడ్చల్ ఉరికాను. పేర్లు తెచ్చాక డాక్టరమ్మ తల పట్టుకుంది. తెల్లదీ గులాబీదీ ఒకే జాతి నొప్పి గోళీలట. ఆ జాతివి రెండు కలిపి వేసుకోకూడదట. గుండె గోళీ రక్తాన్ని పలచగా ఉంచేది. మూడూ కలిసి కడుపులో పుండు చేశాయి, లోపల రక్తం కారుతోంది.

"మా అమ్మి బతుకుతదా మేడమ్?" కబురు విని ఉరికి వచ్చిన ఖాలా కొడుకు అడిగాడు.

"రక్తం ఎక్కిస్తున్నం. కారుడు ఆగితే మంచిదే. ఇప్పుడే చెప్పలేను."

ఆ పూటంతా మంచం పక్కన ఆమె పాదం పట్టుకుని కూర్చున్నాను. చల్లగా ఉంది. పొద్దుగూకే వేళకు కొంచెం వేడి తగిలింది.

కోలుకుని లేచి కూర్చున్న ఖాలా నీళ్లు అడగలేదు, కొడుకును అడగలేదు. డాక్టరమ్మ కొంగు పట్టుకుంది. "బేటా, రంగులు వేరైనంక లోపట ఒక్కటే ఎట్లయితది?"

"నిన్ను ఇంట్ల అమ్మి అంటరు, వీళ్లు ఖాలా అంటరు. మనిషివి ఒక్కదానివే గదా?"

"అరె వా!" అని పక్కమీద చేత్తో కొట్టింది. ఇక ఆగలేదు. మరి జ్వరం గోళీ? "పారాసిటమాలా? నొప్పికి నీకు అదే మేలు. కని చెప్పిన లెక్క దాటొద్దు, కార్జం కరాబయితది." మరి జలుబు గోళీ? "చానా వాటిల్ల అదే పారాసిటమాల్ ఉంటది. రెండూ వేసుకుంటే డబల్ అయితది." మరి గుండె గోళీ ఆపాలా? "నీ అంతల నువ్వు ఆపకు. అది మేం చూస్తం." బయట రోగులు వరసలో ఉన్నారని నర్సు వచ్చి గుంజుకుపోయేదాకా అడుగుతూనే ఉంది.

మళ్లీ పనిలోకి వచ్చినప్పుడు పెద్ద డేగు పక్కన పెట్టించి, అదే అన్నం రెండు చిన్న డేగుల్లో వండింది. "దమ్ము సక్కగ రాదు ఖాలా" అని యాదగిరి గొణిగాడు. "నీ నడుముకు దమ్ముండనీ ముందుగాల" అంది. ఆ తర్వాత మా పొయ్యిల దగ్గర సెట్టు ఎవరూ తేలేదు. ఆమె చాలా ఏళ్లు వండి, ముసలితనంతోనే పోయింది.

మొన్న మా కోడలికి తల పగిలిపోతోందట. "అత్తమ్మా, గా జ్వరం గోళీ ఇటియ్యి" అంది. పొద్దున జలుబుకు ఏం మింగినవో ఆ పట్టీ తెమ్మన్నాను. "తలనొప్పికి గిన్ని ప్రశ్నలా? పోలీస్ ఠాణా లెక్కుంది" అని విసుక్కుంటూ తెచ్చి, రెండింటి మీదా ఉన్న పేర్లు తనే చదివింది. రెండింట్లోనూ అదే పారాసిటమాల్. గోళీ అక్కడే పెట్టి అటు తిరిగి పడుకుంది. నేను తల దగ్గర కూర్చుని నుదురు ఒత్తాను. రెండో గోళీకి వేళ అయ్యేదాకా నొప్పి దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి కదా.