వొగ్గీనేదు

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మన సంఘ పత్రికలో తాగుడు మానినవాళ్ళు రాశారు, మంచం మీద నుంచి లేచినవాళ్ళు రాశారు, అవి చదివి నేనూ కళ్ళు తుడుచుకున్నాను, కానీ నాకు ఏ జబ్బూ లేదు, ఏ వ్యసనమూ లేదు, ఆదివారం తప్పకుండా గుడికొచ్చి రెండో వరసలో కూర్చునేదాన్ని, దేవుడు నన్ను విడిపించింది నా నోటి నుంచి! నవ్వకండి. నన్ను ఎరిగినవాళ్ళు నవ్వుతారని తెలుసు. మా ఆయన ఇక్కడి ఉక్కు ప్లాంటులో జీవితమంతా పనిచేసిన మనిషి, "ఫర్నేసుకైనా షట్‌డౌన్ ఉంటుంది గాని నీ నోటికి లేదే" అనేవారు, నేను దాన్ని మెచ్చుకోలు కింద తీసుకునేదాన్ని.

చీకటి రోజుల గురించి ముందు చెప్పాలి కదా, చెబుతాను. చీకట్లో ఉన్నానని తెలిసినవాడు కనీసం గోడ తడుముకుంటాడు, నాకు అదీ తెలియదు, నేను వెలుగులో ఉన్నాననుకుని ఇతరులకు దారి చూపిస్తున్నాను! హిందీలో ఎమ్.ఏ. చేశాను, బడిలో చాలా ఏళ్ళు హిందీ చెప్పాను. ఇక తెలుగంటారా, మా అమ్మానాన్నలది శ్రీకాకుళం వైపు, ప్లాంటు పనికని ఈ ఛత్తీస్‌గఢ్ వచ్చినవాళ్ళు, ఇంట్లో "ఏటి", "ఎల్లు", "నేదు" తప్ప వేరే తెలుగు వినలేదు. కాలేజీ హాస్టల్లో వేరే జిల్లాల తెలుగు అమ్మాయిలు నా "ఏటి" విని పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు తర్వాత మా అమ్మ భాషని నోట్లోంచి ఊడ్చేసి, పుస్తకాల తెలుగు నేర్చుకున్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఎవరి నోట్లో ఆ భాష వినిపించినా దిద్దడం మొదలుపెట్టాను. గుడి బేనరు మీద ఒత్తు తప్పుందని పాస్టరుగారితో గేటు దగ్గరే వాదించినదాన్ని, మిగతావాళ్ళొక లెక్కా!

ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం మరోదా బస్తీ నుంచి వచ్చే సన్యాసమ్మ మామ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. చదువు లేని మనిషి, బజారులో కూరగాయలు అమ్మేది, భర్త అప్పారావుగారు కాంట్రాక్టు పనికి వెళ్ళేవారు. ఆ రోజు వాళ్ళ కష్టాలన్నీ చెప్పుకొచ్చి, చేతులెత్తి, "ఎవులు వొగ్గీసినా దేవుడు నన్ను వొగ్గీనేదు" అంది. సహోదరులారా, సంఘమంతా ఆమెన్ అనవలసిన చోట నేను రెండో వరసలోంచి ఏమన్నానో తెలుసా? "విడువలేదు అనాలి మామ్మా, వొగ్గీనేదు ఏమిటి, నువ్వేమైనా గేదెవా, దేవుడు పలుపు విప్పి వొగ్గేయడానికి?" అన్నాను. అందరూ నవ్వారు. మామ్మ కూడా నవ్వింది, కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. నేను ఆ రోజు ఇంటికెళ్ళి చేపల పులుసు చేసుకుని తిని నిద్రపోయాను. మళ్ళీ గుర్తు కూడా రాలేదు. నా పాపంలో అన్నిటికంటే సిగ్గుపడేది దానికే, నాకు గుర్తు లేదు!

ఇప్పుడు ప్లాంటు క్వార్టర్లున్న మా సెక్టర్ 7 సంగతి. రిటైరైనవాళ్ళు కొందరు కలిసి నెలకో శనివారం సాయంత్రం అక్కడి హాల్లో "మన కథ మన నోట" అని ఒక కూటం పెడతారు. హిందువులు, క్రైస్తవులు, ఛత్తీస్‌గఢ్ వాళ్ళు, తెలుగువాళ్ళు, ఎవరైనా రావచ్చు, లేచి తన బతుకులో జరిగినది చెప్పవచ్చు. నియమాలు రెండే: నిజమై ఉండాలి, నీదై ఉండాలి. ఎక్కువమంది హిందీలో చెబుతారు. మన పెద్దవాళ్ళు తెలుగులో చెబితే ఒకరు పక్కన నిలబడి మాట మాటకీ హిందీలో చెప్పాలి, మన పిల్లలకే తెలుగు సరిగా రావడం లేదు, వేరేవాళ్ళ సంగతి చెప్పేదేముంది. ఆ పక్కన నిలబడేది ఎవరు? నేనే. ఇంకెవరు చేస్తే నాకు నచ్చుతుంది!

పోయిన చలికాలంలో ఒక శనివారం సన్యాసమ్మ మామ్మ వచ్చింది. వెంట సుకవారో దీదీ అని పక్కింటావిడ, ఛత్తీస్‌గఢ్ మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. అప్పారావుగారు మంచాన పడ్డ నెలలన్నీ గంజి కాచి తెచ్చింది, పక్కబట్టలు ఉతికింది ఆవిడేనట. తనే మామ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చుంది.

మామ్మ తన తెలుగులో మొదలుపెట్టింది, నేను హిందీ అందుకున్నాను. భర్త జబ్బు, ఆసుపత్రి చుట్టూ తిరగడం, అన్నీ చక్కగా చెప్పుకొస్తున్నాను, నా హిందీకి నేనే ముచ్చటపడుతున్నాను. అప్పుడు మామ్మ ఇలా అంది. "పోయే ముందర మద్దేనం ఆయన నన్ను పిలిసి, ఒలే సన్నాసీ, ఒకపాలి ప్రార్దన సెయ్యే, నీ నోట ఇనాల అన్నాడు. నాకు నోరు లెగనేదు. ఏ మాటంటే ఏం తప్పో అని బయ్యం. ఎందుకంటే అంతకుముందు గుడిలో ఓ సదువుకున్నావిడ నా మాటకి అందర్నీ నవ్వించింది. వొగ్గీనేదు అన్నానని. ఆ నాటినుంచి పైకి ప్రార్దన సెయ్యనేదు నాను. ఆయన నా నోటికేసి సూస్తా సూస్తానే పోనాడు."

వొగ్గీనేదు! ఆ ఒక్క మాటతో ఆ ఆదివారం, ఆ గేదె, ఆ పలుపు, ఆ నవ్వు, అన్నీ నా కళ్ళ ముందు నిలబడ్డాయి సహోదరులారా! హాలంతా నా హిందీ కోసం చూస్తోంది. మామ్మ నా వైపు చూడటం లేదు, పేరు చెప్పలేదు, వేలు చూపలేదు. నేను చేసినదేమిటి? "గుడిలో ఒక చదువుకున్నావిడ" అన్నదాన్ని హిందీలో "పొరుగున ఉండే ఒకావిడ" అని చెప్పేశాను. ఆ మాట నా నోట్లోకి ఎంత సులువుగా వచ్చిందో! ఆ వొగ్గీనేదు మాట అసలు చెప్పనే లేదు, మింగేశాను. వెనకనుంచి ఎవరో ఒకావిడ "ఐసీ ఔరత్ కా ముఁహ్ సీ దేనా చాహియే" అన్నారు, అలాంటిదాని నోరు కుట్టేయాలి అని. నేను తలూపాను! అవును, కుట్టేయాలి అన్నట్టు తలూపాను! చప్పట్లు కొట్టారు. కిందికి దిగేటప్పుడు మామ్మ నా చెయ్యి తట్టి, "అలిసిపోనావు టీచరమ్మా, కూకో" అంది.

మామ్మకి హిందీ రాదనుకున్నాను. రాయలేదు, చదవలేదు, ఇక హిందీ ఎలా వస్తుందనుకున్నాను, ఎమ్.ఏ. బుర్ర కదా! మరోదా బజారులో ఆవిడ ఎన్నేళ్ళు ఏ భాషలో బేరం చేసిందో ఒక్కసారైనా ఆలోచించలేదు.

పదిహేను రోజులయ్యాక గుడి దగ్గర విన్నాను, సుకవారో దీదీ మామ్మ గడప తొక్కడం లేదని. ఎందుకంటే మామ్మకి పొరుగున ఉండేది ఆవిడే కదా! హాల్లో అందరూ ఆవిడ వైపే తిరిగి చూశారట. ఇన్ని నెలలు పక్కబట్టలు ఉతికించుకుని నలుగురిలో నన్నే ఇలా అంటుందా అని ఏడ్చిందట. ఒంటరి ముసలిదానికి ఉన్న ఒక్క తోడునీ నేను ఒక్క మాటతో తెంపేశాను. మొదటిసారి నవ్వుతో ఆమె నోరు మూశాను, రెండోసారి అబద్ధంతో ఆమె తలుపు మూశాను.

ఆ మధ్యాహ్నం వంటింట్లో మోకాళ్ళూనాను. అలవాటు ప్రకారం మొదలుపెట్టాను, "మహోన్నతుడవైన తండ్రీ, నీ పాదసన్నిధికి వచ్చుచున్నాను..." అంతే, ముందుకు సాగలేదు. పుస్తకాల మాటలు ఒక్కటీ రాలేదు. ఎంతసేపు అలా ఉన్నానో, కుక్కరు కూతలు కూసి కూసి ఊరుకుంది. ఆఖరికి నా నోట్లోంచి ముప్ఫై ఏళ్ళుగా రానిది వచ్చింది, మా అమ్మ గొంతులా వచ్చింది: "నానేటి సేసినాను దేవుడా! నన్ను వొగ్గీకు! నన్ను వొగ్గీకు తండ్రీ!" ఆ మాట బయటపడ్డాక గాని ఏడుపు రాలేదు. ఏ మాటకైతే నవ్వానో ఆ మాటతోనే దేవుడు నన్ను పిలిపించుకున్నాడు!

లేచి మరోదా వెళ్ళాను. మామ్మ గడపలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. కాళ్ళ మీద పడబోతే, "లెగు లెగు, సీర మాసిపోద్ది" అంది. క్షమించమన్నాను. చిక్కుళ్ళు ఒలుస్తూనే ఉంది.

"నీకు హిందీ వచ్చు కదా మామ్మా, నేను తప్పు చెప్పినప్పుడు అక్కడే ఎందుకు అనలేదు?" అని అడిగాను. చూడండి, క్షమాపణకు వెళ్ళి కూడా ప్రశ్నే వేశాను.

మామ్మ తలెత్తి నన్ను చూసింది. "పదిమందిలో నీ మాట తప్పని సెప్తే ఎలాగుంటాదో నాకు తెల్సు కదా టీచరమ్మా. అది నీకెందుకు సెయ్యాల?"

సహోదరులారా, ఇంతకంటే పెద్ద ప్రసంగం నేను ఏ గుడిలోనూ వినలేదు. చెంపదెబ్బ కొట్టినా ఇంత తగిలేది కాదు.

"సుకవారోకి నాను సెప్పినాను, నువ్వు కాదే అని," అంది మళ్ళీ. "టీచర్‌జీ అబద్దం సెప్తుందా అంటంది. నా మాట సెల్లదు. నీ సెమాపన నానేటి సేసుకోను? అబద్దం ఏ నోట, ఎంతమందిలో సెప్పినావో, ఆ నోటే, అంతమందిలో సెప్పు."

"మరి అప్పారావుగారు..." అన్నాను.

"ఆయన ఇనకుండానే పోనాడు. అది నువ్వు తేలేవు, నాను తేలేను. అది అలా ఉండనీ."

అది అలాగే ఉంది. దేవుడు క్షమించాడని నమ్ముతున్నాను, కానీ ఆ మనిషి చివరి కోరిక నా జోకు కింద నలిగిపోయింది, దాన్ని ఏ ప్రార్థనతోనూ నేను తుడవలేను, తుడిచేశానని సాక్ష్యాల్లో చెప్పేవాళ్ళని చూస్తే ఇప్పటికీ నాకు వాదించాలనిపిస్తుంది.

తర్వాతి నెల శనివారం దాకా నాకు అన్నం సయించలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పేద్దామని మూడుసార్లు అనుకున్నాను. మా ఆయన చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, "పద, ఈ ఒక్కరోజు నీ నోటికి పని ఉంది" అన్నారు. ఆయన బతిమాలి కబురు పెడితే సుకవారో దీదీ కూడా వచ్చింది గాని, మామ్మకి దూరంగా ఆఖరి వరసలో కూర్చుంది.

లేచాను. హిందీలోనే చెప్పాను. పోయిన నెల మామ్మ చెప్పింది ఒకటి, నేను మీకు చెప్పింది ఇంకొకటి అన్నాను. పొరుగావిడ కాదు, గుడిలో ఒకావిడ అన్నాను. "వో ఔరత్ మైఁ థీ" అన్నాను, ఆ ఆడమనిషిని నేనే అని. నోరు కుట్టేయాలన్న ఆవిడ అక్కడే ఉంది, తల దించుకుంది. నాకు బదులు ఆవిడ సిగ్గుపడటం చూసి ఇంకా కుంగిపోయాను. ఆ రోజు మింగేసిన మాటను కూడా కక్కాలి కదా అని, ఎవరు విడిచిపెట్టినా ఈశ్వర్ నే ఉన్హేఁ త్యాగా నహీఁ, అని మామ్మ సాక్ష్యం పూర్తి చేశాను.

ముందు వరసలోంచి మామ్మ లేచింది. "త్యాగా ఏటి టీచరమ్మా! ఛోడా నహీఁ అను! సుకవారోకి అర్దం కావద్దేటి?"

హాలంతా గొల్లుమంది! ఈసారి నా మాటకి, నా హిందీకి, ఎమ్.ఏ. హిందీకి! నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. "ఛోడా నహీఁ", అంటే వొగ్గీనేదు, అని దిద్దుకుని, కూర్చున్నాను.

సుకవారో దీదీ నా వైపు చూడలేదు. ఇప్పటికీ సరిగా మాట్లాడదు, మాట్లాడమని అడిగే మొహం నాకు లేదు. కానీ వెనకనుంచి నడుచుకుంటూ వచ్చి, మామ్మ సంచీ తన భుజానికి తగిలించుకుని, "చల్ దాయీ, ఘర్ జాబో" అంది. పద తల్లీ, ఇంటికి పోదాం అని.

ఆ మరుసటి వారం మామ్మ ఇంట్లో ముగ్గురం కూర్చున్నాం, గోడ మీద అప్పారావుగారి ఫొటో ఉంది. మామ్మ దాన్ని చూస్తూ కొంగు నెత్తిమీద వేసుకుని, ఆరేళ్ళ తర్వాత మొదటిసారి గొంతెత్తింది: "దేవుడా, ఈ మనిసి ఇనాలన్నాడు, అప్పుడు సెయ్యనేకపోనాను, ఇప్పుడు సేత్తన్నాను, నువ్వే ఆయనికి సెప్పు. మావు నిన్ను వొగ్గీసినా, నువ్వు మమ్మల్ని వొగ్గీనేదు." అబద్ధమెందుకు, అప్పుడు కూడా నా బుర్రలో ఎర్ర సిరా కదిలింది! ముప్ఫై ఏళ్ళ రోగం ఒక్క రోజులో పోదు. కానీ నోరు మెదపలేదు. ఒకే ఒక్క మాట అన్నాను, ఆమెన్.

కాబట్టి సహోదరీలారా, నాకు చదువు లేదు, నా మాట మోటు, దేవుని ముందు ఏం మాట్లాడగలను అని కొంగు నోటికడ్డం పెట్టుకున్నవాళ్ళు మీలో ఉంటే, ఈ ఆదివారం రండి, మీ అమ్మ నేర్పిన మాటతోనే ప్రార్థించండి, నవ్వే నోరు ఒకటుండేది, అది నాదే, ఇప్పుడు మూతపడింది. నాలాగా ఎవరి మాటకైనా నవ్వి మరిచిపోయినవాళ్ళు ఉంటే, ఆ ఇంటి గడప దాకా నడవండి, సిగ్గేస్తుంది, అయినా నడవండి, ఆయన నడిపిస్తాడు. నన్ను నడిపించాడు. దేవునికే మహిమ! ఇంత నోరున్న దాన్ని కూడా ఆయన వొగ్గీనేదు.